అంబాసిడరు గేరుబాక్సును ఇంటివద్ద తిరిగి ఎక్కించుట

బ్రిటనులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారంగా చేసికొని పుట్టిన అంబాసిడరు, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరినుండి 2014 వరకు తయారైనది. తయారీ ఆగిపోయినను ఆ బండ్లను మక్కువతో కాపాడుకొంటున్నవారు మన ప్రాంతంలో ఇంకను ఉన్నారు. అటువంటివారిలో కొందరు చిన్న చిన్న మరమ్మతులను తామే చేసికొంటారు. గేరుబాక్సును మాత్రం విప్పి, లోపలి పళ్ళచక్రాలను, బేరింగులను తెలిసిన పనివానిచేత బాగుచేయించి ఇంటికి తెచ్చుకొంటారు. అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. విప్పేటప్పుడు బరువు దానంతటదే కిందికి వస్తుంది. ఎక్కించేటప్పుడు అదే బరువు మనకు ఎదురుతిరుగుతుంది. స్టీరింగు పక్కన గేరుకడ్డీ ఉండే పాత అంబాసిడరును దృష్టిలో ఉంచుకొని, ఈ ఎక్కించే పనిని గురించి మాత్రమే మేము ఇక్కడ వివరిస్తాము.

గేరుబాక్సు ముందువైపున ఒక షాఫ్టు పొడుచుకొని వచ్చి ఉంటుంది. దాని ఒంటిమీద నిలువు గాడులుంటాయి. ఆ షాఫ్టు క్లచ్చి ప్లేటు నడిమి రంధ్రంలోని గాడులలో ఇమిడి, కొనతో క్రాంకుషాఫ్టు వెనుకనున్న చిన్న కంచు బుష్షులో కూర్చోవలెను. ఈ షాఫ్టు ఇంజను శక్తిని తిప్పుటకు ఏర్పడినదే గాని గేరుబాక్సును మోయుటకు ఏర్పడినది కాదు. ముప్పది కిలోలకు పైబడిన ఇనుము, అల్యూమినియముల బరువు ఒక్క నిమిషం దానిమీద వ్రేలాడినను క్లచ్చి ప్లేటు నడిబొడ్డు వంగిపోవచ్చును. ఆ వంపు కంటికి ఆనదు. అంతా బిగించి రోడ్డుమీదికి పోయిన తరువాత, పెడలు ఎంత తొక్కినను క్లచ్చి పూర్తిగా విడవకపోవుటవల్ల బయటపడుతుంది. అప్పుడు మరల మొదటినుండి విప్పవలసినదే.

కాబట్టి పని గేరుబాక్సుతో గాక క్లచ్చితో మొదలు కావలెను. ఫ్లైవీలుకు, ప్రెషరు ప్లేటుకు నడుమ క్లచ్చి ప్లేటు ఉంటుంది. ప్రెషరు ప్లేటు బోల్టులు వదులుగా ఉన్నంతవరకు అది అటూ ఇటూ జరుగుతుంది. బిగించినచో ఉన్నచోటనే చిక్కుకొంటుంది. తన బరువుకు అది ఎప్పుడును కొంచెం కిందికే జారి ఉంటుంది. ఆ స్థితిలో బిగించినచో షాఫ్టు కొన బుష్షును చేరనే చేరదు. పాత గేరుబాక్సునుండి తీసిన షాఫ్టు దొరికితే దానినే ప్లేటులోనుండి బుష్షులోనికి దూర్చి, మధ్యకు సరిచేసి, ఆపైన బోల్టులు బిగించవలెను. అది దొరకనిచో వడ్రంగిచేత తరిమెన పట్టించిన టేకు కడ్డీ అంతే చక్కగా పనిచేస్తుంది. బోల్టులను ఎదురెదురుగా, ఒక్కొక్క చుట్టు చొప్పున బిగించవలెను. ప్లేటు మధ్యనున్న స్ప్రింగుల ఉబ్బు గేరుబాక్సు వైపుకు ఉండవలెను. చేతి జిడ్డు ప్లేటు ముఖానికి అంటరాదు. గాడులకు గ్రీజు పలుచగా పూసిన చాలును; ఎక్కువైన గ్రీజు తిరిగే వేగానికి చిమ్మి ప్లేటుమీదనే పడుతుంది.

ఇక బండిని ఎత్తుట. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదన్న సంగతి ఎందరికో తెలుసును, పాటించేవారు తక్కువ. నాలుగు స్టాండ్లమీద బండిని నిలిపి, గట్టిగా ఊపి చూచిన తరువాతనే కిందికి దూరవలెను. బోలు సిమెంటు ఇటుకలను వాడనేరాదు. అవి ముందుగా బీట చూపకయే ఒక్కసారి పొడి అవుతాయి. మన పెరళ్ళలో పరచే షాబాదు బండలు అడుగున గుల్లగా ఉన్నచో పగులుతాయి గనుక స్టాండ్ల కింద మందమైన పలక వేయుట మంచిది. బ్యాటరీ తీగ ముందే విప్పి ఉంచవలెను. వెల్లకిల పడుకొని గేరుబాక్సును రొమ్ముమీద పెట్టుకొని పైకి నెట్టే పనివాండ్లను మనం చూచియే ఉంటాము. అది నైపుణ్యమే కావచ్చును, ఇంటిలో అనుకరించదగినది మాత్రం కాదు.

గేరుబాక్సు లేనప్పుడు ఇంజను వెనుక భాగానికి ఆధారం ఉండదు. నూనెతొట్టి కింద కొయ్యపలక వేసి, రెండవ జాకీతో దానిని నిలపవలెను. అట్లు నిలిపిన ఇంజను వెనుకకు కొంత వాలి ఉంటుంది. ఆ వాలు ఎంతో గేరుబాక్సు వాలు కూడ అంతే ఉండవలెను. పని అంతటికీ ఇదే కీలకం. గేరుబాక్సును చక్రాల జాకీమీద పెట్టి, తోలుపట్టీతో కట్టి, మెల్లగా లేపవలెను. పై రంధ్రాలలో, తలలు కోసిన పొడుగు బోల్టులు రెండు ఉంచినచో అవి దారి చూపుటయే గాక బరువులో కొంత మోస్తాయి. నాలుగవ గేరు వేసి, తోకవైపు చక్రాన్ని చేతితో కొద్దికొద్దిగా తిప్పుచూ నెట్టినచో గాడులు ఒకదానినొకటి పట్టుకొంటాయి. ఇద్దరు మనుషులుండవలెను గాని, ఆజ్ఞ ఒక్కరిదే కావలెను.

సాధారణంగా చివరి అంగుళందగ్గర పని నిలిచిపోతుంది. రెండు ముఖాల నడుమ సందు మిగులుతుంది, లోపలికి పోదు. అప్పుడు స్పానరు తీసికొని బోల్టులతో లాగివేయవలెనన్న కోరిక కలుగుతుంది. దానిని అణచుకోవలెను. బోల్టులు లాగగలవు, నిజమే. కాని లాగినది షాఫ్టో, ప్లేటో, గేరుబాక్సు కవచమో మనకు తెలియదు. దానికి బదులు సందును నాలుగువైపులా చూడవలెను. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉన్నచో తోక దిగి ఉన్నదని అర్థం. జాకీని తోకవైపున కొంచెం లేపవలెను. కింద వెడల్పుగా ఉన్నచో తోకను దించవలెను. చుట్టూ సమంగా ఉండియు పోకున్నచో గాడులు కలియలేదేమో, తీగ ఏదైనా నడుమ చిక్కినదేమో చూడవలెను. అదియు కానిచో ప్లేటు మధ్యన లేదు. బరువును జాకీమీదనే ఉంచి వెనుకకు తీసి, క్లచ్చిని మరల సరిచేయుట అరపూట పని. అన్నీ సరిగా ఉన్నప్పుడు చేతితో నెట్టిన చాలును, మెత్తగా వెళ్ళి అతుకుతుంది.

అన్ని బోల్టులు పట్టి, వెనుక ఆధారం బిగిసేవరకు జాకీలను తీయరాదు. క్లచ్చి పెడలు కలిపిన పిమ్మట, ప్రొపెల్లరు షాఫ్టు తగిలించకముందే, నాలుగవ గేరులో తోక చక్రాన్ని తిప్పి చూడవలెను. పెడలు వదలినప్పుడు అది తిరగరాదు. పక్కవారు పెడలు తొక్కినప్పుడు తేలికగా తిరగవలెను. అట్లు తిరిగినచో క్లచ్చి విడుస్తున్నది. తక్కిన పనులు విప్పిన వరుసకు ఎదురు వరుసలో సాగుతాయి. నూనె పోయుట మాత్రం ఇంజను కదలకముందే జరగవలెను.

బండి నడిపి చూచునప్పుడు ఒక అనుమానం రావచ్చును. ఈ పాత గేరుబాక్సులో మొదటి గేరుకు వేగాలను సమం చేసే ఏర్పాటు లేదు. అది తక్కిన మూడింటికే ఉన్నది. కదులుతున్న బండిని మొదటి గేరులోనికి దింపబోతే గరగరమను. అది ఎక్కించుటలోని లోపం కాదు. బండి పూర్తిగా ఆగిన తరువాత మొదటి గేరు నిశ్శబ్దంగా పడినచో మరల విప్పనక్కరలేదు.