చిన్న విమానం సింగపూర్ ఎందుకు వెళ్లదు?

పిల్లలు గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న మన అగ్రహారం ఇళ్లలో ఒకటే ప్రశ్న: రాజమండ్రి నుంచి చిన్న విమాన సంస్థలు విదేశాలకు ఎందుకు నడపవు? 2016 పౌర విమానయాన విధానం ప్రకారం, విదేశీ సర్వీసు కావాలంటే కనీసం 20 విమానాలు దేశంలోపల తిప్పాలి. రాజమండ్రికి నడిచిన ట్రూజెట్‌కు అన్ని విమానాలు ఎన్నడూ లేవు.

పెద్ద సంస్థకైనా సీట్లు నిండాలి. 2018 డిసెంబరు 4న ఇండిగో విజయవాడ–సింగపూర్ సర్వీసు మొదలుపెట్టింది. ఖాళీ సీట్ల నష్టం రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం అది. ఆ సాయం ఆగాక, 2019లో సర్వీసూ ఆగింది.

అందుకే ఇప్పటికీ మనవాళ్లలో చాలామందికి హైదరాబాద్ మీదుగానే ప్రయాణం. మేము చెప్పేది ఒక్కటే: రెండు విమానాలకూ కలిపి ఒకే టికెట్ తీసుకోండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, వేరే విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడివిడిగా కొంటే ఆ ఖర్చు మన నెత్తినే పడుతుంది.