బీజశుద్ధికి ప్లాస్టిక్ పాత్రల ముప్పు

గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ సమకూడవలెనని సుశ్రుతుడు శారీరస్థానంలో నిర్దేశించాడు. పంటకు అదను, నేల, నీరు, విత్తు ఎట్లా అవసరమో ఇదీ అంతే. సంతానం కోరే దంపతులు బీజక్షేత్రాలను గురించి ఎన్నో పరీక్షలు చేయించుకుంటారు. ఆ బీజానికి అందే అంబువు, అనగా ఆహారరసం, ఏ పాత్రలో నుంచి వస్తున్నదో విచారించేవారు మాత్రం అరుదు. ఈ విషయమై అమెరికాలో ఒక శాస్త్రజ్ఞురాలు రెండు దశాబ్దాలకు పైగా చేసిన పరిశోధన గృహిణులందరూ తెలుసుకోదగినది.

1998లో డాక్టర్ ప్యాట్రీషియా హంట్ ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో, కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో చుంచెలుకల అండాలను పరిశీలిస్తున్నారు. అండం పక్వమయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగా పంపకం కాకపోతే గర్భం నిలవదు, లేదా శిశువు లోపంతో జన్మిస్తుంది. తొలి మాసాల గర్భస్రావాలలో సుమారు సగానికి ఈ క్రోమోజోముల లెక్క తప్పడమే కారణం. ఆరోగ్యవంతమైన ఎలుకలలో ఒకటి రెండు శాతం అండాలలోనే కనిపించే ఆ దోషం, ఏ మందూ ఇవ్వని ఎలుకలలో ఉన్నట్టుండి 40 శాతానికి చేరింది.

చివరకు తేలిన కారణం అతి సామాన్యమైనది. నేల కడిగే ఘాటైన క్షార ద్రావణంతో పనివారు పొరపాటున బోనులనూ, నీటి సీసాలనూ కడిగారు. పాలీకార్బొనేట్ అనే ఆ గట్టి ప్లాస్టిక్ దెబ్బతిని, దానిలోని బిస్‌ఫినాల్-ఎ ఊరి వెలికి వచ్చింది. అదే పదార్థాన్ని కొలిచి ఎలుకలకు ఇచ్చి చూడగా అదే దోషం మళ్ళీ కనిపించింది. ఈ ఫలితాలను ఆమె బృందం 2003లో ప్రకటించింది.

బిస్‌ఫినాల్-ఎ మొదట 1891లో తయారైనది. అది స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్ వలె పనిచేయగలదని 1930లలోనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ డాడ్స్ గుర్తించాడు. ఆ సంగతి తెలిసియుండీ తరువాతి కాలంలో దానితో సీసాలు చేశారు, ఆహారపు డబ్బాల లోపల పూత పూశారు. విచిత్రం కాదా!

ఆడశిశువు అండాలన్నీ ఆమె తల్లి గర్భంలో ఉండగానే ఏర్పడతాయి. మీ అమ్మాయిగారి అండాలు మీ కడుపులోనే రూపు దిద్దుకున్నవి. కనుక గర్భిణి శరీరంలో చేరిన పదార్థం ఆమెను, బిడ్డను, మనుమలకు మూలమైన బీజాన్ని ఒకేసారి తాకగలదు. గర్భంతో ఉన్న ఎలుకలకు ఈ పదార్థం ఇచ్చినప్పుడు ఆడపిల్లల అండాలు రూపొందే దశలోనే గాడి తప్పాయని 2007లో, కోతులలోనూ ఇటువంటి మార్పులు కనిపించాయని 2012లో హంట్ బృందం తెలిపింది.

ఎలుకకు జరిగినదంతా మనిషికీ జరుగుతుందని చెప్పరాదు. మానవులలో నిరూపణ ఇంకా సంపూర్ణం కాలేదు. అయినను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో, రోజూ శరీరంలో చేరదగిన పరిమితిని మునుపటికంటె 20,000 రెట్లు తగ్గించడం గమనించదగినది. 2024 చివరలో ఐరోపా సమాఖ్య ఆహారాన్ని తాకే వస్తువులలో దీని వాడుకను నిషేధిస్తూ నిబంధన చేసింది. మన దేశంలో పాలసీసాల ప్రమాణాలలో దీనిని 2015లోనే తొలగించారు.

ఆయుర్వేదం చెప్పిన దూషీవిషం శరీరంలో నిలిచి కాలాంతరాన బాధిస్తుంది. బిస్‌ఫినాల్-ఎ స్వభావం వేరు. అది చాలవరకు ఒకటి రెండు రోజులలోనే మూత్రం ద్వారా వెళ్ళిపోతుంది. దినదినమూ మళ్ళీ చేరుతుండడమే చిక్కు. కాబట్టి దీనిని వెళ్ళగొట్టడానికని కషాయాలు, విరేచనాలు ఎవరైనా సూచిస్తే నమ్మవలసిన పని లేదు. గర్భిణులు అసలే చేయరాదు.

చేయవలసినదంతా వంటింట్లోనే ఉన్నది. గీతలు పడి, మసకబారిన గట్టి పాలీకార్బొనేట్ నీళ్ళ క్యానులను ఎండలో ఉంచరాదు. వాటిని మరిగే నీటితోను, ఘాటైన పొడులతోను తోమరాదు. వేడి సాంబారు, పాలు, నూనె పదార్థాలు ప్లాస్టిక్ డబ్బాలలో పోయకండి. స్టీలు, గాజు, పింగాణి శ్రేష్ఠం. తాగునీటికి మట్టికూజా చాలు. మన పెద్దలు ఇత్తడి గిన్నెకు కళాయి పోగానే చారు, పులుసు వండడం మానేవారు. చిలుము కంటికి కనిపించేది గనుక ఆ జాగ్రత్త సులువైనది. ప్లాస్టిక్ నుంచి ఊరేది కనిపించదు, రుచికీ తెలియదు.

"బిస్‌ఫినాల్-ఎ లేనిది" అన్న చీటీ చూసి నిశ్చింతగా ఉండడమూ తగదు. హంట్ తరువాత పనిచేసిన వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బోనులను వేరొక ప్లాస్టిక్‌కు మార్చగా, అవి పాతబడి బిస్‌ఫినాల్-ఎస్ అనే దాయాది పదార్థం ఊరింది. ఎలుకల బీజకణాలలో దోషాలు మళ్ళీ బయటపడ్డాయి. 2018లో ఆమె బృందం ఈ సంగతిని వెల్లడించింది. ఈసారి ఆడ ఎలుకలలోనే గాక మగవాటిలోనూ ఆ దోషాలు కనిపించాయి.