మహా డేటాబేసుల నిర్వహణము

పద్దుల పుస్తకము చిన్నదైనచో మొదటినుండి చివరవఱకు చదివియైనను కావలసిన పద్దును కనుగొనవచ్చును. పద్దులు కోట్లకొలది పెరిగినపుడు ఆ యుపాయము పనికిరాదు. బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రులలోని రోగుల వివరములు మున్నగునవి నేడు డేటాబేసులను కంప్యూటరు భాండాగారములయందు నిలువ చేయబడుచున్నవి. సమాచారమును పరస్పర సంబంధము గల పట్టికలుగా నమర్చు పద్ధతిని 1970 సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గర్ కాడ్ ప్రకటించెను. నేటి డేటాబేసులలో ననేకము లా మార్గముననే నడచుచున్నవి. అట్టివి మిక్కిలి పెద్దవైనపుడు పాటింపవలసిన జాగ్రత్తలను నాలుగింటిని మా పాఠకులకు వివరింప దలచితిమి.

మొదటిది క్రమసంఖ్య. పట్టికలో ప్రతి పద్దునకును ఒక సంఖ్య యుండును. సామాన్యముగా వాడబడు 32 బిట్ల సంఖ్య 2,14,74,83,647 వఱకు మాత్రమే లెక్కింపగలదు. అది ముగిసిన పిమ్మట క్రొత్త పద్దు చేరదు. నిండిన పట్టికలో గడిని వెడల్పు చేయుట ప్రయాసతో గూడిన పని. కావున ప్రారంభముననే 64 బిట్ల సంఖ్యను ఏర్పఱచుకొనుట మేలు. అది 19 అంకెల సంఖ్యవఱకు పోగలదు.

రెండవది ఇండెక్సు. నిఘంటువులో అక్షరక్రమ మెట్లో డేటాబేసునకు ఇండెక్సు అట్టిది. రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనువారు కల్పించిన 'బీ-ట్రీ' యను చెట్టువంటి అమరిక దీనికి ప్రధానాధారము. ఒక్కొక్క పుటనుండి 500 కొమ్మలు చీలుననుకొందము. మూడు మెట్లలో 12 కోట్ల 50 లక్షల పద్దులనుండి కోరినదానిని చేరవచ్చును. మఱియొక మెట్టు చేర్చినచో 6,250 కోట్ల పద్దులకు చాలును. అయినను ఇండెక్సులను అపరిమితముగా పెంచరాదు. క్రొత్త పద్దు వ్రాయబడినపుడెల్ల వానినన్నిటిని దిద్దవలసివచ్చుటచే వ్రాత మందగించును.

మూడవది విభజనము. కాలక్రమమున పెరుగు పట్టికను నెలవారీ భాగములుగా విడదీసినచో, ఈ నెల పద్దును వెదకుటకు గత సంవత్సరములను తడవ నక్కఱలేదు. అవసరము తీరిన పాత భాగమును ఒక్కసారిగా తొలగింపవచ్చును. పద్దు వెంట పద్దును చెఱిపివేయు శ్రమ తప్పును.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బ్యాకప్పు. ప్రధాన సర్వరుతోపాటు దాని ప్రతిబింబముగా రెండవ సర్వరును నడపుట మంచిదే. యంత్రము చెడినపుడు అది యాదుకొనును. కాని పొరపాటున ఒక పట్టికను చెఱిపివేసినచో ఆ చెఱిపివేత క్షణములో రెండవదానికిని ప్రాకును. కావున వేఱొకచోట భద్రపఱచిన నకలు ప్రత్యేకముగా నుండవలయును.

ఆ నకలును నమ్ముటకు ముందు పరీక్షింపవలయుననుటకు నిదర్శన మొకటి గలదు. 2017 జనవరి 31వ తేదీని గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండవ సర్వరు ననుకొని ప్రధాన సర్వరులోని సమాచారమును చెఱిపివేసెను. నకళ్లు తీయుటకు పలు ఏర్పాట్లుండెను. కాని దినదినము తీయవలసిన నకలు, సాఫ్ట్‌వేరు వెర్షనుల భేదముచే, తీయబడనేలేదు; ఆ వైఫల్యమును తెలుపవలసిన ఈ-మెయిళ్లును చేరలేదు. వేఱొక పనికై చేతితో తీసియుంచిన, సుమారు ఆరు గంటల పాతదైన ప్రతియే వారిని రక్షించెను. ఆ నడిమి గంటలలో చేరినవి పోయినవి. అప్పటి దోషమును దాచక ఆ సంస్థ లోకమునకు వెల్లడించుట ప్రశంసనీయము.

మఱియు పునరుద్ధరణమునకు పట్టు కాలమును ముందుగనే లెక్కింపవలయును. పది టెరాబైట్ల నకలును సెకనుకు 200 మెగాబైట్ల వేగమున తిరిగి వ్రాసినచో సుమారు 14 గంటలు పట్టును. అంతవఱకు ఆసుపత్రి ఆగగలదా? రైలు ఆగగలదా? ఈ ప్రశ్నకు ఉత్తరమును ఆపదకు ముందే వెదకవలయును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యెవరికిని మేలు గాదు.

కావున నెలకొక పర్యాయమైనను నకలును వేఱొక సర్వరుపై నెక్కించి, పద్దులను సరిచూచి, పట్టిన కాలమును వ్రాసియుంచుట నిర్వాహకుల విధి. కోట్ల పద్దులలో ఒక్కొక్కటియు ఎవరో యొకరి కూడబెట్టిన సొమ్ము, ఎవరో యొకరి రోగచరిత్రము, ఎవరో యొక విద్యార్థి పరీక్షాఫలితము. ముందు ముందు ఇట్టి పనులలో ప్రవేశింపబోవు మా విద్యార్థులు, తిరిగి తీసి చూపగలిగినదే భద్రముగా దాచినదని గుర్తెఱుగుదురు గాక.