గాస్ నుంచి టెస్లాకు: ఈ 10,000 ఎక్కడిది?



మన సైన్సు పుస్తకంలో అయస్కాంత అభివాహ సాంద్రతకు ప్రమాణం టెస్లా అని ఉంది. పాత పుస్తకాలు తీస్తే గాస్ అని ఉంటుంది. భూమి అయస్కాంతం గురించిన పాత వ్యాసాల్లో గామా అంటారు. ఇవన్నీ ఒకే కొలతకు ఉన్న పేర్లు. ఒకదాన్నించి ఇంకోదానికి మార్చేటప్పుడు సున్నా తప్పితే పరీక్షలో మార్కు పోతుంది. ఆస్పత్రిలో తప్పితే మనిషికే ప్రమాదం. అదెలాగో కింద రాశాను. ముందు లెక్క చూద్దాం.

మిరప చేను లెక్క

ఒక తలం గుండా పోయే బలరేఖల మొత్తాన్ని అభివాహం అంటాం. ఎంత జాగాలో ఎన్ని రేఖలు ఉన్నాయన్నది సాంద్రత. మన వైపు మిరప చేనునే తీసుకోండి. ఎకరానికి 12,000 మొక్కలు అనుకుందాం. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి సెంటుకు 120 మొక్కలు. చేను అదే, మొక్కల ఒత్తు అదే. చెప్పే తీరు మారింది, అంకె మారింది. గాస్, టెస్లాల సంగతి కూడా ఇంతే.

పాత పద్ధతిలో సెంటీమీటరు, గ్రాము, సెకను వాడేవారు. అందులో అభివాహానికి ప్రమాణం మాక్స్‌వెల్. దాన్నే ‘ఒక రేఖ’ అని కూడా అనేవారు. ఒక చదరపు సెంటీమీటరుకు ఒక మాక్స్‌వెల్ ఉంటే అది 1 గాస్. కొత్త పద్ధతిలో మీటరు వచ్చింది, అభివాహానికి వెబర్ వచ్చింది. ఒక చదరపు మీటరుకు ఒక వెబర్ ఉంటే అది 1 టెస్లా. ఇప్పుడు చూడండి:

1 వెబర్ = 10 కోట్ల మాక్స్‌వెల్‌లు
1 చ.మీ. = 100 × 100 = 10,000 చ.సెం.మీ.
10 కోట్లు ÷ 10,000 = 10,000

కనుక 1 టెస్లా = 10,000 గాస్. బట్టీ పట్టక్కర్లేదు, రెండు లైన్లలో మనమే రాబట్టొచ్చు. మీటరుకు 100 సెంటీమీటర్లే కదా అని 100తో భాగిస్తే తప్పు. ఇక్కడ ఉన్నది చదరపు మీటరు.

గోడ మీద రాసుకోవలసిన పట్టిక

1 టెస్లా = 1 వెబర్/చ.మీ. = 10,000 గాస్
1 గాస్ = 0.0001 టెస్లా = 0.1 మిల్లీటెస్లా
1 గాస్ = 1,00,000 గామా
1 గామా = 1 నానోటెస్లా
1 టెస్లా = చ.అంగుళానికి సుమారు 64,500 రేఖలు

సరిచూసుకునే చిట్కా ఒకటుంది. రూపాయిల్ని పైసల్లోకి మారిస్తే అంకె పెరుగుతుంది కదా! అలాగే పెద్ద ప్రమాణం నుంచి చిన్నదానికి మారితే అంకె పెరగాలి. తగ్గిందంటే ఎక్కడో తిరగేశారన్నమాట.

ఈ పేర్లు ఎవరివి?

గాస్ జర్మనీ గణిత శాస్త్రజ్ఞుడు. భూమి అయస్కాంత బలాన్ని పొడవు, ద్రవ్యరాశి, కాలం అనే మూడు కొలతలతోనే ఎలా లెక్కగట్టాలో 1832లో చూపించాడు. వెబర్ ఆయనతో కలిసి పనిచేసినవాడు. నికోలా టెస్లా (1856–1943) ఏసీ కరెంటు మోటార్లతో పేరు పొందాడు. 1960లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ఆయన పేరును ఈ ప్రమాణానికి పెట్టింది.

మన రోడ్డు మీదే ఉంది

నందిగామలో గానీ, జగ్గయ్యపేట పక్కన చిల్లకల్లులో గానీ హైదరాబాదు బస్సెక్కితే దారిలో చౌటుప్పల్ వస్తుంది. హైదరాబాదులో 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారి అయస్కాంత పరిశీలనశాల ఒకటి అక్కడ ఉంది. అక్కడ భూమి క్షేత్రాన్ని నానోటెస్లాల్లో కొలుస్తారు. మన ప్రాంతంలో ఆ క్షేత్రం సుమారు 43,000 నానోటెస్లా. అంటే 43,000 గామా, అంటే 0.43 గాస్. దిక్సూచి ముల్లును తిప్పేది ఈ కొద్దిపాటి బలమే.

ప్రమాణాలు మార్చడం వస్తే పాత కొలతలు వృథా పోవు. 1859 సెప్టెంబరు 2న పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది. ఆనాడు బొంబాయి కొలాబాలో తీసిన రీడింగులను తర్వాతి శాస్త్రజ్ఞులు చూసి, క్షేత్రం దాదాపు 1,600 నానోటెస్లా పడిపోయిందని లెక్కగట్టారు. 2024 మే 10, 11 తేదీల తుఫానులో భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న కేంద్రాల లెక్క ప్రకారం తగ్గింది సుమారు 400 నానోటెస్లా. 165 ఏళ్ళ ఎడం ఉన్న రెండు సంగతుల్ని ఇలా పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నామంటే ప్రమాణాలు కలిపే లెక్క వల్లే.

ఆస్పత్రిలో సున్నా విలువ

ఎమ్మారై స్కానింగు యంత్రాలు చాలావరకు 1.5 టెస్లావి. అంటే 15,000 గాస్. మన భూమి క్షేత్రానికి దాదాపు 35,000 రెట్లు! గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు దాటకూడని హద్దుగా చాలా ఏళ్ళ నుంచి ‘5 గాస్ గీత’ను పాటిస్తున్నారు. 5 గాస్ అంటే 0.5 మిల్లీటెస్లా. ఎవరైనా సున్నా తప్పి 5 మిల్లీటెస్లా అని రాసుకుంటే అది 50 గాస్ అవుతుంది. హద్దు గీత యంత్రానికి మరీ దగ్గరకు జరిగిపోతుంది.

మన తండాల నుంచి పెద్దవాళ్ళు స్కానింగుకు వెళ్తే కడియాలు, గొలుసులు, పిన్నీసులు, తాళంచెవులు అన్నీ ముందే తీయించండి. ఒంట్లో పేస్‌మేకరో, ఇనుప ముక్కో ఉంటే అక్కడివారికి తప్పకుండా చెప్పండి. యంత్రం చప్పుడు చెయ్యకపోయినా దాని అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.

చేసి చూడండి

1. స్పీకరు అయస్కాంతం దగ్గర 800 గాస్ ఉంది. టెస్లాల్లో ఎంత?
2. మోటారు లోపలి ఇనుములో 1.2 టెస్లా ఉంది. గాస్‌లో ఎంత? చ.అంగుళానికి ఎన్ని రేఖలు?
3. 250 గామా అంటే ఎన్ని గాస్?

(జవాబులు: 1. 0.08 టెస్లా. 2. 12,000 గాస్, సుమారు 77,400 రేఖలు. 3. 0.0025 గాస్. ముందు లెక్క చెయ్యండి, తర్వాతే ఇటు చూడండి!)