అక్షరం వెంట నడిచే నీడ

1997లో నేను పనిచేస్తున్న డీటీపీ సెంటర్‌కి ఒక సాయంత్రం పెళ్లివారి నుంచి ఫోన్ వచ్చింది. శుభలేఖ మీద పెళ్లికూతురి పేరు ‘లావన్య’ అని పడింది, ‘లావణ్య’ అని ఉండాలి. తప్పు ఒక్క అక్షరం. దిద్దడానికి నాకు గంటన్నర పట్టింది. ఫోటోషాప్‌లో ఆ పేరు అప్పటికే అక్షరాలుగా లేదు మరి. బంగారు రంగు చుక్కల గుంపుగా మారిపోయింది. దాని కింద మసకనీడ మరో చుక్కల గుంపు. పేరు మళ్లీ టైపు చేశాను. దాని ఆకారాన్ని సెలక్షన్‌గా తీసి చానెల్‌లో దాచాను. దాన్ని కాస్త పక్కకి జరిపి, మసకబార్చి, నలుపు నింపాను. చివరికి కొత్త నీడ ముదురుదనం పాత కార్డుతో సరిపోలేదు. మళ్లీ మొదటికి వచ్చాను.

రెండేళ్ల తర్వాత అలాంటి తప్పే ఇంకొకటి దొర్లితే అరనిమిషంలో పని అయిపోయింది. టైపు పనిముట్టు తీసుకుని ‘న’ చెరిపి ‘ణ’ కొట్టాను. నీడ దానంతట అదే కొత్త ఒంపు తిరిగింది. ఈ రెండు సాయంత్రాల మధ్య పుట్టిన చిన్న యంత్రానికి తర్వాత స్థిరపడిన పేరు లేయర్ స్టైల్. యంత్రమనే అంటాను. ఇనుముతో చేసింది కాకపోయినా, ఒకవైపు అక్షరం వేస్తే మరోవైపు నీడ వచ్చే పరికరం అది.

దాని ఇంటి సంగతి ముందు చెప్పాలి. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ నోల్, తన మాకింటోష్ ప్లస్ మీద బూడిదరంగు ఛాయల బొమ్మలు చూపించడానికి ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాడు. సినిమాలకు స్పెషల్ ఎఫెక్ట్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు జాన్ నోల్ దాన్ని చూసి, ఇంకా పెంచమని వెంటపడ్డాడు. అదే 1990 ఫిబ్రవరిలో అడోబీ విడుదల చేసిన ఫోటోషాప్ 1.0. 2013లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 1.0.1 మూలకోడ్‌ను అందరికీ అందుబాటులో పెట్టింది. 179 ఫైళ్లు, దాదాపు 1,28,000 వరుసలు, చాలావరకు పాస్కల్ భాషలో. ఆ ఫోటోషాప్‌లో లేయర్లు లేవు. బొమ్మంటే ఒకే ఒక కాగితం. దాని మీద టైపు చేసిన మాట, సిరా ఆరినట్టు, ఆ కాగితంలో కలిసిపోయేది. ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శకమైన పొరలు, అంటే లేయర్లు, 1994లో 3.0తో వచ్చాయి.

అయినా అసలు ఇబ్బంది తీరలేదు. అక్షరం తన పొరలో విడిగా ఉంది, కానీ అక్షరంగా లేదు. ఏ చుక్క ఎంత రంగు, ఎంత పారదర్శకం అన్న లెక్క మాత్రమే మిగిలేది. చుక్కకు రంగుతోపాటు పారదర్శకతను కూడా ఒక అంకెగా దాచుకునే ఆల్ఫా చానెల్‌ను 1977లో న్యూయార్క్‌లో ఎడ్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ కనిపెట్టారు. రెండు పొరలను ఒకదాని మీద ఒకటి ఎలా కలపాలో థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో సూత్రాలు రాశారు. నీడ కట్టడానికి కావలసిన సామగ్రి అంతా అలా సిద్ధంగానే ఉంది. వంట మాత్రం ప్రతిసారీ చేత్తో చెయ్యాల్సిందే. 1990ల తొలినాళ్లలో కై క్రౌజ్ అనే కళాకారుడు, చానెళ్లతో నీడలూ మెరుపులూ ఉబ్బులూ తెప్పించే చిట్కాలు రాసి ఆన్‌లైన్‌లో పంచిపెట్టాడు. ఏలియన్ స్కిన్ అనే చిన్న సంస్థ, ఇదంతా ఒక్క నొక్కుతో అయిపోయేలా బ్లాక్ బాక్స్ ఫిల్టర్లు అమ్మింది. పని వేగం పెరిగింది. కానీ ఆ నొక్కు తర్వాత చేతికి వచ్చేది మళ్లీ చుక్కలే. అక్షరం మారితే నీడ పాత అక్షరానిదే.

1998 మేలో వచ్చిన ఫోటోషాప్ 5.0 ఇక్కడే దారి మార్చింది. అందులో రెండు కొత్తదనాలు ఒకేసారి వచ్చాయి, ఏ ఒక్కటి లేకపోయినా రెండోది సగమే అయ్యేది. ఒకటి, టైపు లేయర్‌లో మాట మాటగానే నిలిచి ఉండటం. రెండు, లేయర్ ఎఫెక్ట్స్. డ్రాప్ షాడో, ఇన్నర్ షాడో, ఔటర్ గ్లో, ఇన్నర్ గ్లో, బెవెల్ అండ్ ఎంబాస్. వండిన కూరను దాచుకోవడం మానేసి, కూర ఎలా వండాలో రాసిన చీటీని దాచుకుంది ఆ యంత్రం. దినుసు మారిన ప్రతిసారీ చీటీ చూసి మళ్లీ వండుతుంది. విచిత్రమేమంటే, వెబ్ పేజీల అలంకారానికి వాడే సీఎస్ఎస్ రెండో ప్రమాణం కూడా అదే నెలలో వెలువడింది. అందులోనూ అక్షరాలకు నీడ వేసే ఆదేశం ఉంది. ఇద్దరికీ ఒకే కోరిక ఒకే కాలంలో కలిగిందన్నమాట.

చీటీలో ఏముంటుంది? డ్రాప్ షాడోనే తీసుకుందాం. చాలాకాలం ఫోటోషాప్ మొదట చూపించిన అంకెలు: కోణం 120 డిగ్రీలు, దూరం 5 పిక్సెళ్లు, సైజు 5, ముదురుదనం 75 శాతం. కోణం అంటే వెలుతురు వచ్చే దిక్కు. 120 డిగ్రీలంటే ఎడమ పైనుంచి. కాబట్టి నీడ కుడి కిందకి పడాలి. యంత్రం అక్షరం ఆల్ఫాకు ఒక నకలు తీసి, రెండున్నర పిక్సెళ్లు కుడికి, సుమారు 4.3 పిక్సెళ్లు కిందకి జరుపుతుంది. తర్వాత మసక. ప్రతి చుక్కా తన ఇరుగుపొరుగు చుక్కల సగటు తీసుకుంటుంది, దగ్గరివాళ్లకు ఎక్కువ విలువ, దూరపువాళ్లకు తక్కువ. 21 పిక్సెళ్ల చదరంలో ఆ సగటు నేరుగా తీస్తే చుక్కకు 441 గుణకారాలు. మొదట అడ్డంగా, తర్వాత నిలువుగా విడదీసి చేస్తే 42తో సరిపోతుంది, ఫలితం మాత్రం అదే. ఈ వెసులుబాటు నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. చివరగా నలుపు నింపి, కింది రంగుతో గుణించి కలుపుతుంది. తెల్ల కాగితం విలువ 255 అయితే, నీడ బాగా చిక్కగా ఉన్నచోట అది 64కి దిగుతుంది.

ఎంబాస్ ఇంకా అందమైన లెక్క. అక్షరంలోని ప్రతి చుక్కా అంచుకి ఎంత దూరంలో ఉందో ముందు కొలవాలి. ఆ దూరాన్ని ఎత్తు అనుకోవాలి. అప్పుడు అక్షరం చదునుగా ఉండదు, మధ్యలో వెన్నున్న కొండలా లేస్తుంది. ఏ వాలు వెలుతురుకు ఎదురుగా ఉంటే అది తెల్లబడుతుంది, ఏది అటు తిరిగి ఉంటే అది నల్లబడుతుంది. అంతకు మించి మాయ లేదు. గీత మందంలో సగానికి మించి బెవెల్ సైజు పెంచితే ఎందుకు లాభముండదో కూడా ఇక్కడే తెలుస్తుంది. కొండ అప్పటికే వెన్నుకు చేరింది, ఇంక ఎక్కడికి ఎక్కుతుంది? లావుపాటి గీతల ఇంగ్లీషు ఫాంటుకి కుదిరిన స్టైల్, మన సన్నటి తలకట్టు మీద నలిగినట్టు కనిపించడానికి కారణం ఇదే.

2000లో 6.0 ఈ ఎఫెక్టులన్నిటినీ ఒకే పెట్టెలో చేర్చి లేయర్ స్టైల్ అని పేరు పెట్టింది. శాటిన్, గ్రేడియంట్ ఓవర్‌లే, ప్యాటర్న్ ఓవర్‌లే, స్ట్రోక్ కొత్తగా వచ్చాయి. నచ్చిన కలయికను స్టైల్స్ పాలెట్‌లో దాచుకుని ఇంకో లేయర్ మీద ఒక్క నొక్కుతో వేయడం అప్పుడే మొదలైంది. మన ఫ్లెక్సీలూ కరపత్రాలూ వినాయకచవితి బ్యానర్లూ ఆ పాలెట్‌తోనే రంగు తేలాయి. అంతకుముందు ఇదే పనిని కుంచెతో చేసినవాళ్లున్నారు. సినిమా పోస్టర్లకు ఈశ్వర్ లాంటి పబ్లిసిటీ ఆర్టిస్టులు, బజార్లో బోర్డులు రాసే పెయింటర్లు. బోర్డు మొత్తానికి షేడు ఒకే వైపు పడాలన్నది ఆ విద్యలో తొలి పాఠం. ఫోటోషాప్‌లో ‘గ్లోబల్ లైట్’ అనే గడి ఆ పాఠమే. టిక్కు ఉంటే, ఒక లేయర్‌లో కోణం మార్చగానే ఫైల్లోని నీడలన్నీ కలిసి తిరుగుతాయి.

స్ట్రోక్ తెలుగుకు చేసిన మేలు ప్రత్యేకం. అప్పటి తెలుగు ఫాంట్లలో అక్షరం ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. గీతలతో బొమ్మ కట్టే కోరెల్‌డ్రా లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఔట్‌లైన్ లాగితే ప్రతి ముక్క చుట్టూ విడిగా గీత పడేది, తలకట్టు అక్షరంతో కలిసే చోట అతుకు బయటపడేది. ముక్కలన్నీ వెల్డ్ చేస్తే తప్ప పోదు. లేయర్ స్టైల్ ముక్కలను చూడదు. లేయర్ మొత్తం ఆల్ఫాను ఒకే ఆకారంగా చూస్తుంది. అందుకే దాని ఔట్‌లైన్ అతుకుల మీదుగా నున్నగా సాగిపోతుంది. తెలుగు తెలియని ఇంజనీర్లు వేరే కారణానికి తీసుకున్న నిర్ణయం మన లిపికి ఇంత చక్కగా అమరింది. అలాగని హద్దు లేకపోలేదు. స్ట్రోక్ మరీ లావు చేస్తే ‘ఠ’ కడుపులోని చుక్క చుట్టూ చోటు పూడిపోతుంది, ‘ధ’ అడుగున ఉన్న చిన్న గీత కలిసిపోయి ‘ద’లా చదువుతారు. ధనలక్ష్మిని దనలక్ష్మి చేసిన బ్యానర్లు నేనెన్నో చూశాను. వాటిలో చాలావాటి తప్పు టైపింగ్‌లో లేదు, పిక్సెళ్ల లెక్కలో ఉంది.

మార్పును వెంటబెట్టుకు రావడంలో ఈ యంత్రానికి ఒక లోటు ఉంది. అక్షరం మారితే స్టైల్ తోడొస్తుంది, నిజమే. కానీ పాలెట్‌లో దాచిన స్టైల్‌ను మారిస్తే, దాన్ని ఇదివరకే తొడుక్కున్న లేయర్లు మారవు. వేసిన క్షణంలోనే చీటీ నకలు లేయర్‌కి చేరిపోతుంది, అసలుతో బంధం తెగిపోతుంది. పుస్తకాల పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో శీర్షికల స్టైల్ ఒకచోట మార్చితే రెండువందల పేజీల్లో మారుతుంది. ఇక్కడ మాత్రం కాపీ లేయర్ స్టైల్, పేస్ట్ లేయర్ స్టైల్ అని లేయర్ల వెంట తిరగాలి. 2012లో సీఎస్6 గ్రూపు మొత్తానికి స్టైల్ వేసుకోనిచ్చింది. అప్పటినుంచి నేను పేర్లన్నిటినీ ఒక గ్రూపులో పెట్టి, చీటీని గ్రూపుకే తగిలిస్తున్నాను. ఇదే సరైన పద్ధతని నా గట్టి నమ్మకం.

ఇంకో జాగ్రత్త నష్టపోయి నేర్చుకున్నాను. చీటీలో కొలతలు పిక్సెళ్లలో ఉంటాయి. ఒకసారి చిన్న కరపత్రాన్ని పెద్ద ఫ్లెక్సీకి పెంచాను, ఇమేజ్ సైజ్ పెట్టెలో ‘స్కేల్ స్టైల్స్’ టిక్కు పెట్టడం మరిచాను. అక్షరాలు పదింతలయ్యాయి, స్ట్రోక్ మాత్రం అవే మూడు పిక్సెళ్లు. రోడ్డు మీంచి చూస్తే ఔట్‌లైన్ దారంలా కూడా కనబడలేదు.

ఉచిత సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ నీడ చాలా ఆలస్యంగా జీవం పోసుకుంది. 1995లో బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టిన గింప్‌లో డ్రాప్ షాడో ఏళ్ల తరబడి ఉంది. కానీ అది టెక్స్ట్ కింద విడిగా ఒక లేయర్ వేసి వదిలేసేది. మాట దిద్దితే నీడ పాతదే, 1997లో నా శుభలేఖలాగే. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0 ఎఫెక్టులను లేయర్ మీదే చీటీలుగా నిలిపింది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని కుర్రాడు పల్లెలో కూర్చుని, యూనికోడ్ తెలుగులో మాట టైపు చేసి, నీడ వేసి, మళ్లీ దిద్దుకోవచ్చు. ఇందుకోసం ఏళ్లపాటు కోడ్ రాసిన స్వచ్ఛంద కార్యకర్తలంటే నాకెంతో గౌరవం.

పోయిన నెల పాత సీడీలోంచి 2000 నాటి ఒక శుభలేఖ ఫైలు ఇప్పటి ఫోటోషాప్‌లో తెరిచాను. నీడ మీద రెండుసార్లు నొక్కితే పెట్టె తెరుచుకుంది. 120 డిగ్రీలు, 5 పిక్సెళ్లు, నేను పెట్టినవి పెట్టినట్టే. ఫాంట్ మాత్రం ఈ సిస్టమ్‌లో లేదు. ఫైలు తనతోపాటు దాచుకున్న పాత చుక్కల బొమ్మే తెర మీద కనిపిస్తోంది. ఆ కాలపు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. టెక్స్ట్‌ని తాకితే పెళ్లికొడుకు పేరు ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం అయిపోతుంది, నీడ కూడా బుద్ధిగా ఆ కలగాపులగానికే పడుతుంది. టెక్స్ట్ లేయర్లను అప్‌డేట్ చేయమంటారా అని ఫోటోషాప్ అడిగింది. వద్దని నొక్కి, ఫైలును అలాగే మూసేశాను.