కుర్ర జట్టు కప్పు గెలుస్తుందా? లెక్క వేసి చూద్దాం!

పిల్లలూ! మీ పాఠశాల బాస్కెట్‌బాల్ జట్టు ఈ ఏడాది 6 ఆటలు ఆడి 4 ఓడిపోయిందనుకోండి. ఊళ్లో వాళ్లు ఏమంటారు? "వీళ్ల వల్ల ఏమవుతుందిలే!" అంటారు. పక్క ఊరి జట్టు 6లో 4 గెలిచిందనుకోండి. "కప్పు వాళ్లదే" అని తేల్చేస్తారు. ఈ తీర్పు సరైనదేనా?

ఇది ఊసుపోక వేసే ప్రశ్న కాదు. ఈ తీర్పును బట్టే ఎవరిని జట్టులో ఉంచాలో, ఎవరిని తీసేయాలో పెద్దలు నిర్ణయిస్తారు. తీర్పు తప్పయితే, ఎదగవలసిన ఒక అమ్మాయో అబ్బాయో ఆటకే దూరం కావచ్చు. కాబట్టి ఒక శాస్త్రవేత్త ఈ ప్రశ్నను ఎలా పరిశీలిస్తాడో మనమూ అలాగే పరిశీలిద్దాం.

తేడా చూడండి

మన జట్టుది తిరువూరు, రెండోది పక్క ఊరు అనుకుందాం. ఉదాహరణ కోసం ఇద్దరి ఫలితాలూ రాసుకుందాం. తిరువూరు జట్టు రెండు ఆటలు 11, 9 పాయింట్ల తేడాతో గెలిచింది. నాలుగు ఆటలు 2, 3, 1, 2 పాయింట్ల తేడాతో ఓడింది. కూడి చూడండి: గెలిచినవి 20, ఓడినవి 8. అంటే మొత్తం మీద 12 పాయింట్లు ఎక్కువే. సగటున ఆటకు 2 పాయింట్లు పైచేయి.

పక్క ఊరి జట్టు నాలుగు ఆటలు 1, 2, 2, 1 తేడాతో గెలిచింది. రెండు ఆటలు 14, 10 తేడాతో ఓడింది. మొత్తం 18 పాయింట్లు తక్కువ. సగటున ఆటకు 3 పాయింట్లు వెనుకంజ!

చూశారా! గెలుపోటములు ఒక మాట చెబుతుంటే, పాయింట్లు మరో మాట చెబుతున్నాయి. ఏది నమ్మాలి? ఒక్క పాయింటు తేడాతో ముగిసిన ఆటలో చివరి బంతి రింగు అంచు మీద తిరిగి లోపలికి పడిందా, బయటికి పడిందా అన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అందులో అదృష్టం పాలు ఎక్కువ. 11 పాయింట్ల తేడా అలా రాదు. అందుకే రాబోయే ఏడాదిని ఊహించడానికి గెలుపుల లెక్క కంటే పాయింట్ల తేడాయే సాధారణంగా మంచి ఆధారం. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మరీ బలహీనమైన జట్టు మీద వచ్చిన పెద్ద తేడాను చూసి మురిసిపోకూడదు.

73 పాయింట్ల ఓటమి నుంచి

ఇది కాగితం మీది లెక్కేనా? కాదు. అమెరికాలోని ఎన్.బి.ఏ. పోటీల్లో ఓక్లహామా సిటీ థండర్ అనే జట్టు ఉంది. అప్పట్లో అందులో ఎక్కువమంది కుర్రవాళ్లే. 2021 డిసెంబరు 2న ఆ జట్టు మెంఫిస్ చేతిలో 79-152 తేడాతో ఓడింది. 73 పాయింట్లు! ఎన్.బి.ఏ. చరిత్రలోనే అంత పెద్ద ఓటమి లేదు. ఆ ఏడాది వాళ్లు 82 ఆటల్లో గెలిచినవి 24 మాత్రమే.

మరుసటి ఏడాది, అంటే 2022-23లో, 40 గెలిచి 42 ఓడారు. ఇంకా ఓటములే ఎక్కువ కదా! కానీ పాయింట్లు చూస్తే సగటున ఆటకు సుమారు 1 పాయింటు పైచేయి. మన తిరువూరు జట్టు లెక్క లాంటిదే! 2023-24లో 57 ఆటలు గెలిచారు. 2024-25లో 68 గెలిచి, 2025 జూన్ 22న ఛాంపియన్లయ్యారు. ఏటికేడాది మెట్టు మెట్టుగా ఎక్కారు. ఓటములు ఎక్కువగా ఉన్న ఏడాదిలోనే తేడా లెక్క ముందుగా గుట్టు విప్పింది.

బొమ్మా? బొరుసా?

అయితే బలమైన జట్టు కప్పు తప్పక గెలుస్తుందా? ఒక రూపాయి బిళ్ల తీసుకోండి. సరిగ్గా సమాన బలం ఉన్న 8 జట్లు ఒక్క ఓటమితో ఇంటికి పోయే పద్ధతిలో ఆడుతున్నాయనుకోండి. ప్రతి ఆటకూ బిళ్ల ఎగరేసి విజేతను తేల్చండి. మూడు వరసలు అయ్యేసరికి ఎవరో ఒకరు ఛాంపియన్ అయి తీరతారు! మూడింటికి మూడూ గెలిచిన ఆ జట్టుకు పూలదండలు వేస్తాం. కానీ అది మిగతా వాళ్ల కంటే గొప్పది కాదని మనకు ముందే తెలుసు.

ఇప్పుడు ప్రతి ఆటలోనూ 100కి 60 వంతులు గెలిచే అవకాశం ఉన్న మంచి జట్టును తీసుకుందాం. అది వరసగా మూడు ఆటలు గెలిచే అవకాశం 0.6 × 0.6 × 0.6, అంటే 0.216. 100కి సుమారు 22 సార్లే! అదే జట్టు ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల పోటీ ఆడితే, ముందుగా నాలుగు గెలిచే అవకాశం 100కి 71. ఆటలు పెరిగేకొద్దీ అదృష్టం తగ్గి బలం బయటపడుతుంది. 2025 ఫైనల్ పోటీల్లో థండర్ జట్టు మొదటి ఆటను ఇండియానా చేతిలో 110-111తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో, ఓడింది. ఫైనల్ ఒక్క ఆటే అయి ఉంటే కప్పు చేజారేది. ఏడు ఆటల పోటీ కాబట్టి 4-3తో గెలిచింది.

మన హైదరాబాదు క్రికెట్ జట్టు దక్కన్ చార్జర్స్ కథ వినండి. 2008 ఐ.పి.ఎల్.లో 14 ఆటల్లో 2 గెలిచి, 8 జట్లలో చివరి స్థానంలో నిలిచింది. 2009లో 14లో 7 గెలిచింది, 7 ఓడింది. నాలుగో స్థానంతో సెమీఫైనల్లో అడుగుపెట్టి, పట్టికలో మొదట నిలిచిన ఢిల్లీని ఓడించి, ఫైనల్లో బెంగుళూరును 6 పరుగుల తేడాతో గెలిచి కప్పు ఎత్తింది! జట్టు మెరుగైందన్నది నిజం. చివరి రెండు ఆటలూ కలిసొచ్చాయన్నదీ నిజమే. రెండు మాటలూ కలిపి చెప్పడమే శాస్త్రీయ దృష్టి.

పొడవా? పనితనమా?

బడి పిల్లల జట్టుకు మరో చిక్కు ఉంది. అండర్-14 జట్టులో జనవరిలో పుట్టిన పిల్లవాడికీ, అదే ఏడాది డిసెంబరులో పుట్టిన వాడికీ దాదాపు ఏడాది తేడా. 13, 14 ఏళ్ల వయసులో మగపిల్లలు ఒక్క ఏడాదిలోనే 8, 9 సెంటీమీటర్లు పెరగవచ్చు. ఆడపిల్లలకు ఈ ఎదుగుదల రెండేళ్లు ముందే వస్తుంది. రింగు ఎత్తు 3.05 మీటర్లు. పొడుగ్గా ఉన్నవాడికి అది దగ్గర. అంటే ఒక జట్టు కేవలం ముందుగా పెరిగిన పిల్లల వల్ల గెలుస్తూ ఉండవచ్చు. మూడేళ్లకు మిగతావాళ్లూ పెరుగుతారు. అప్పుడు ఆ ఆధిక్యం కరిగిపోతుంది. పొట్టిగా ఉన్నా బంతిని చక్కగా అందిస్తూ, నేర్పుగా ఆడే జట్టుకు అసలు కాలం ఇంకా ముందుంది.

నాలుగు గళ్ల నోటుపుస్తకం

ఈసారి ఆట చూసేటప్పుడు నాలుగు గళ్లు గీసుకోండి. 1. ఎన్ని బంతులు వేస్తే ఎన్ని పడ్డాయి? 2. ఎన్నిసార్లు బంతిని చేజార్చుకున్నారు? 3. రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతుల్లో ఎన్ని పట్టారు? 4. ఫ్రీ త్రోలు ఎన్ని సంపాదించి, ఎన్ని వేశారు? అమెరికాకు చెందిన డీన్ ఆలివర్ అనే గణాంక నిపుణుడు ఆట గెలుపును ఈ నాలుగింటితోనే విడదీసి చూపాడు.

పది బంతులు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. సగం బంతులే వేయగల పిల్ల కూడా పదింటిలో ఏడో అంతకంటే ఎక్కువో వేసే అవకాశం ఆరింట ఒకసారి ఉంటుంది. అదే పిల్ల నూరింటిలో డెబ్బై వేయడం చాలా చాలా అరుదు. పది చూసి మెచ్చుకోవడం ఎంత తొందరపాటో, పది చూసి తీసేయడమూ అంతే తొందరపాటు.

తిరువూరు చుట్టుపక్కల మామిడి రైతులను అడగండి. కొత్తగా నాటిన అంటు మొక్కకు తొలి ఏళ్లలో పూత వస్తే తుంచేస్తారు. కాయల కంటే ముందు చెట్టు ఎదగాలని వాళ్ల ఆలోచన. ఆ వయసులో వాళ్లు చూసేది కాపును కాదు, కొత్త చిగుళ్లను.

మరి మీ జట్టుకు ఈ ఏడాది చిగుళ్లు ఎన్ని వచ్చాయి? నోటుపుస్తకం తెరవండి, లెక్కపెట్టండి!