నిండుగా... అందంగా... బందరు అద్దకంలో!

రంజాన్‌ నెల సగం గడిచిందంటే చాలు... మచిలీపట్నం, గుడివాడ బట్టల దుకాణాల్లో అమ్మాయిలకు అసలు పరీక్ష మొదలవుతుంది. సేల్స్‌మెన్‌ గుట్టల కొద్దీ చుడీదార్లు పరుస్తాడు. రంగు బాగుంటుంది, ఎంబ్రాయిడరీ బాగుంటుంది. విప్పి చూస్తే చేతులుండవు! లోపలెక్కడో రెండు ముక్కలు మడిచి పెట్టి ఉంటాయి. అవి కుట్టించుకున్నా మోచేతి పైనే ఆగిపోతాయి. ఇంకోటి తీస్తే జార్జెట్టు... వెలుతురుకి పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. మరోటి తీస్తే పక్క చీలిక నడుం దాకా! నచ్చినవాటిలో నప్పేవి ఉండవు. నప్పేవాటిలో నచ్చేవి ఉండవు. పక్కన కూర్చున్న అమ్మ 'నల్ల బురఖా ఎలాగూ వేసుకుంటావు కదే, లోపల ఏదైతే ఏం' అంటుంది. అమ్మాయికి అదే నచ్చదు.

నిజానికి నియమం చాలా చిన్నది. బట్ట వదులుగా ఉండాలి, పల్చగా ఉండకూడదు, ఒంటిని నిండుగా కప్పాలి. ఖురాన్‌లో నూర్‌ అధ్యాయం 31వ వాక్యం ఆడవాళ్లకు చెప్పేది స్థూలంగా ఇదే. దానికి ముందున్న 30వ వాక్యం మగవాళ్లని చూపులు దించుకోమంటుంది. ఎందుకో గానీ ఆ సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు! ముఖం కప్పుకోవాలా వద్దా అన్నదానిపై పండితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. రంగు నల్లదే కావాలని మాత్రం అందులో ఎక్కడా లేదు.

కృష్ణా డెల్టాలో ఈ నిండుతనం ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. తెలుగే మాతృభాషగా ఉన్న నూర్‌బాషా కుటుంబాల్లో పెద్దావిడలు చీరే కడతారు. అజాన్‌ వినపడగానే కొంగు తల మీదికి వస్తుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పాతకాలం వాళ్లు చీర మీద చాదర్‌ కప్పుకొని బజారుకెళ్లేవారు. తర్వాత గల్ఫ్‌ వెళ్లిన అన్నదమ్ములు పెట్టెల్లో తెచ్చిన అబాయాలొచ్చాయి. హైదరాబాద్‌ చార్మినార్‌ వీధుల నుంచి రెడీమేడ్‌ బురఖాలొచ్చాయి. వాటిలో చాలావరకు పాలిస్టర్‌. ఏసీ కార్లో తిరిగే దుబాయ్‌లో పర్వాలేదు. మే నెలలో, సముద్రపు ఉక్కపోతలో, నాగాయలంక నుంచి ఆర్టీసీ బస్సులో నిలబడి వచ్చే అమ్మాయికి ఆ గుడ్డ ఒంటికి అతుక్కుపోతుంది. చెమటకాయలు దండిగా!

ఇంతకీ వెతుకుతున్నది పక్కనే ఉంది. బందరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పెడనలో... కలంకారీ!

'కలంకారీ' పేరులోనే పారశీకం ఉంది. కలం అంటే కలమే, కారీ అంటే పని. ఆమాటకొస్తే 'బందరు' కూడా పారశీక పదమే... రేవు అని అర్థం. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవు నిండా ఇరాన్‌ వర్తకులే. 1605 తర్వాత డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు కూడా ఇక్కడి అద్దకం గుడ్డల కోసమే ఓడలు దింపారు. ఔరంగజేబు గుడారం లోపలివైపు కట్టిన మచిలీపట్నం అద్దకాలు చూసి, పూలతోటలో ఉన్నట్టుందని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్‌ అబ్బురపడ్డాడు. ఈ గుడ్డల మోజు ఐరోపాలో ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్‌ 1686లోనే నిషేధం పెట్టింది. ఇంగ్లండ్‌ కూడా 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసింది.

ఇక్కడో ముఖ్యమైన సంగతి ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ గుళ్ల కోసం పెరిగింది కాబట్టి దాన్నిండా రామాయణ, భారత కథలు. బందరు పనివాళ్లు పారశీక కొనుగోలుదారుల అభిరుచికి తగ్గట్టు పూలు, తీగలు, ఆకులు, జీవవృక్షం అద్దారు. నమాజు చేసుకోవడానికి మిహ్రాబ్‌ కమాను గీసిన గుడ్డలూ తయారుచేసి ఇరాన్‌కు పంపారు. ప్రాణుల బొమ్మలున్న బట్టతో నమాజుకి నిలబడటానికి ముస్లిం ఇళ్లలో చాలామంది ఇష్టపడరు. అంటే వాళ్లకు కావలసిన డిజైను మూడునాలుగు వందల ఏళ్ల కిందటే ఈ ఊళ్లో చెక్కి ఉందన్నమాట! అలాగని కళ్లు మూసుకుని కొనేయకూడదు. ఈమధ్య ఫ్యాషన్‌గా బుద్ధుడి ముఖాలు, ఏనుగులు, నెమళ్లు కూడా అద్దుతున్నారు. తాను మొత్తం విప్పించి చూసుకోవడం మంచిది.

గుణంలోనూ ఇది ఎండకు పుట్టిన బట్ట. నూలు గుడ్డని ఉడికించి, ఉతికి, కరక్కాయ రసం కలిపిన గేదె పాలలో నానబెడతారు. ఎండాక టేకు అచ్చులతో అద్దకం. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెడితే నలుపు. పటిక అద్దిన చోట ఉడకబెట్టినప్పుడు ఎరుపు. నీలిమందుతో నీలం. మధ్యమధ్యలో పారే నీళ్లలో జాడించాలి, ఎండబెట్టాలి. ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు... గీత తప్పిందంటే పువ్వు చెదిరిపోతుంది. ఇంత పని ఉంది కాబట్టే స్క్రీన్‌ప్రింట్‌ నకలుకీ దీనికీ ధరలో అంత తేడా. బజార్లో కలంకారీ పేరుతో దొరికేదంతా అచ్చు అద్దకం కాదు. గుడ్డ తిరగేసి చూస్తే అచ్చుపనిలో రంగు రెండోవైపుకీ దిగి ఉంటుంది, డిజైనులో అచ్చుకీ అచ్చుకీ మధ్య కొద్దిపాటి అతుకు కనిపిస్తుంది. ఆ చిన్న లోపమే దాని చిరునామా!

మరి దీన్ని ఎలా వాడుకోవాలి? మందపాటి నూలు తానులో నుంచి పొడవాటి అనార్కలీయో, ముందు గుండీలు పెట్టిన అబాయానో కుట్టించుకోవచ్చు. లైనింగ్‌ అక్కర్లేదు. చేతులు మణికట్టు దాకా, చీలికలు మోకాలి కిందికి... ఇలా కొలతలిచ్చేటప్పుడే చెప్పాలి. నల్ల అబాయా వదలనంటారా? చేతుల అంచుకీ, ముందు పట్టీకీ నాలుగు వేళ్ల వెడల్పున కలంకారీ అంచు వేయించుకున్నా దాని రూపే మారిపోతుంది. తలకి మాత్రం మెత్తటి మల్లు గుడ్డ మేలు. పిన్నులు గుచ్చినా జారదు, చెవుల దగ్గర ఉక్కపెట్టదు. ఎదురింటి పెళ్లికైతే చిలకలపూడి రోల్డ్‌గోల్డ్‌ జుంకీలు... ముసుగులోనుంచి కొద్దిగా మెరిస్తే చాలు కదా!

కొలతలిచ్చేది ఎవరికన్నది మరో చిక్కు. మగ దర్జీ దగ్గర కొలతలివ్వడానికి ఇష్టపడనివాళ్లు పాత జాకెట్టు, పాత కమీజు ఆదికిచ్చి పంపుతారు. అది ఏడాది కిందటిదైతే కొత్తది బిగుతైపోతుంది... వదులుగా ఉండాలన్న మొదటి నియమానికే గండి! అందుకే ఇంట్లోనే మిషను పెట్టుకుని కుట్టే ఆడవాళ్లకు పండగ నెలలో ఊపిరి సలపదు. ఆ పనితో పిల్లల ఫీజులు కట్టుకునే ఇళ్లున్నాయి.

దివిసీమ అమ్మాయిలకు ఇంకో దారి కూడా ఉంది. పులిగడ్డ-పెనుమూడి వంతెన దాటితే రేపల్లె, అక్కణ్నుంచి చీరాల. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలు పుట్టిల్లు ఆ చీరాలే. ఒకప్పుడు ఆ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లి అక్కడివాళ్ల తలల మీద చుట్టుకున్నాయి. నూనె పట్టిన నూలు ఎండలో తలకి చల్లగా ఉంటుందని వాళ్ల నమ్మకం. ఇప్పుడు అరబ్బు దేశాల నుంచి పాలిస్టర్‌ ఇటు వస్తోంది!

ఇటలీ కంపెనీ డోల్చే అండ్‌ గబ్బానా 2016లో పూలూ లేసులూ అద్ది అబాయాలు, హిజాబులు విడుదల చేస్తే ప్రపంచమంతా వార్తయింది. సిడ్నీలో అహెదా జనెటీ 2004లో ఈతకు పనికొచ్చే బుర్కినీ రూపొందించినప్పుడూ అంతే. నిండైన బట్టకి మార్కెట్‌ ఉందని పెద్ద కంపెనీలు కనిపెట్టాయి. పెడన, కప్పలదొడ్డి తానులు మాత్రం ఎక్కువగా చీరలు, దుప్పట్లు, చుడీదార్ల లెక్కలోనే ఉన్నాయి. అబాయా కొలతకి సరిపడే పన్నాతో, ప్రాణుల బొమ్మల్లేని అచ్చులతో నాలుగు రకాలు వేరుగా పెడితే కొనేవాళ్లు బందరు వీధుల్లోనే ఉన్నారు.

ఈ ఏళ్లలో పండగ కూడా కలిసొచ్చే కాలానికి జరిగింది. వానల్లో అద్దకం ఆగిపోతుంది... రంగు ఆరదు కాబట్టి. ఈదుల్‌ ఫితర్‌ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తూ 2024లో ఏప్రిల్‌ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. అంటే పండగ బట్టకి అద్దకం పడేది చలి తగ్గి ఎండ కాసే రోజుల్లో. కాకపోతే పెడనలో తాను ఆర్డరిచ్చేవాళ్లు పండగకి రెండు నెలల ముందే చెప్పాలి. దర్జీ అయితే సగం రంజాన్‌ దాటాక గుడ్డ ముట్టుకోనే ముట్టుకోడు.